పాలమూరు వలసా, గల్ఫ్ వలసా?

రెండింటికీ అప్పే మొదలు. పాలమూరు కూలీ గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, భార్యతో కలిసి పుణే, ముంబై పనులకు వెళతాడు. ఊళ్లో ముసలివాళ్లు, బడి ఈడు పిల్లలు మిగులుతారు. వానలు పడితే చాలామంది తిరిగొస్తారు.

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో మగవాడొక్కడే వీసాకు అప్పు చేసి గల్ఫ్ వెళతాడు. 2011 జనాభా లెక్కల్లో నిజామాబాద్ జిల్లాలో 1000 మంది పురుషులకు 1040 మంది స్త్రీలు. అందులో వలసకూ వాటా ఉండే ఉంటుంది. సాగు, బీడీలు, బ్యాంకు పని, పిల్లల చదువు అన్నీ ఊళ్లో ఉన్న భార్య మీదే.

డబ్బు గల్ఫ్‌లోనే ఎక్కువ. కానీ మేస్త్రితో గొడవైతే అప్పు మిగిలినా బస్సెక్కి రావచ్చు. గల్ఫ్‌లో చాలాచోట్ల యజమాని అనుమతి లేనిదే కదలడం కష్టం. పిల్లలు చిన్నవాళ్లయితే నేను పుణేనే అంటాను, అదీ వాళ్లను వెంట తీసుకెళ్లి అక్కడి బడిలో వేయగలిగితేనే.