'బోనస్ పాలిప్స్' అంటూ రాయి అంటగడతారు, జాగ్రత్త

వైజాగ్‌లో ఇంట్లో సాల్ట్ వాటర్ ట్యాంకు పెట్టుకున్నవాళ్లు లైవ్ రాక్ (సముద్ర జీవులు పట్టిన రాయి) కొనేముందు ఇది చదవండి. ఇక్కడి ఒక అక్వేరియం షాపులో నేను కొన్న రాయి మీద చొక్కా గుండీలంత గోధుమరంగు పాలిప్స్ (పువ్వుల్లా కనిపించే చిన్న సముద్ర జీవులు) గుత్తిగా ఉన్నాయి. "జోవాలు సార్, మీకు బోనస్" అన్నాడు షాపతను. జోవాలు (జోవాంథస్, ట్యాంకుల్లో ఇష్టంగా పెంచుకునే రంగురంగుల పాలిప్స్) కావవి, చూడ్డానికి అలాగే ఉండే వాటి బంధువు పాలిథోవా. పక్క రాళ్ల మీదికి పాకి, డబ్బు పోసి కొన్న అసలు జోవాలను కప్పేశాయి. కొనేటప్పుడే టార్చి వేసి కాడ దగ్గర చూడండి: పాలిథోవా ఒంట్లో ఇసుక రేణువులు పొదిగినట్టు ఉంటాయి, జోవాంథస్‌కు ఉండవు.

వెనక్కి తీసుకోమంటే "ఫ్రీగా ఇచ్చినదానికి గొడవేటి సార్" అన్నాడు. అది పోనీ. అసలు భయం అతనిచ్చిన సలహాతో: "రాయి బయటికి తీసి, మరిగే నీళ్లు పోసి బ్రష్‌తో రుద్దేయండి, పోతాయి."

చచ్చినా ఆ పని చేయకండి. కొన్ని పాలిథోవాల్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. శాస్త్రవేత్తలు 1971లో దాన్ని హవాయి పాలిథోవాల నుంచి వేరుచేశారు. ఏ రకంలో ఉందో చూసి చెప్పలేం. మరిగే నీళ్లకు అది చావదు సరికదా, ఆవిరితో పాటు గాల్లోకి లేస్తుంది. 2018లో ఇంగ్లండ్‌లో ఒకరు ట్యాంకు శుభ్రం చేస్తే కుటుంబంతో పాటు సాయానికి వెళ్లిన ఫైర్ సిబ్బంది కూడా ఆసుపత్రి పాలయ్యారు. ఏసీ వేసుకుని తలుపులు బిగించుకునే మన ఫ్లాట్ల సంగతి చెప్పాలా?

నేను గ్లవ్స్, గాగుల్స్ పెట్టుకుని, రాయిని నీళ్లలోనే కవర్లోకి ఎక్కించి తీసి, బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి పారేశాను. (ఆర్కే బీచ్‌లో మాత్రం వదలకండి.) పక్క రాళ్ల మీద మిగిలినవాటికి పంపులు ఆపి కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్ద పెడుతున్నాను. తాంబూలంలో సున్నం కూడా అదే, కానీ కిళ్లీకొట్టు డబ్బా తెచ్చి వాడొద్దు. ఒక్కసారే ఎక్కువ పెడితే పీహెచ్ పెరిగి చేపలు పోతాయి. చచ్చే పాలిప్స్ నుంచి కూడా విషం నీళ్లలోకి దిగొచ్చు, దాన్ని పీల్చుకునేలా కొత్త యాక్టివేటెడ్ కార్బన్ (ఫిల్టర్ బొగ్గు) వేసి ఉంచండి.

ట్యాంకు పని చేశాక దగ్గు, ఆయాసం, జ్వరం, కళ్లమంట వస్తే ఆలస్యం చేయకండి. డాక్టర్‌కు పాలిటాక్సిన్ పేరు చెప్పండి, లేకపోతే మామూలు ఫ్లూ అనుకుని పంపేస్తారు.