కిర్రు చెప్పుల కోసం బెంగళూరులో రెండు రోజులు

మా నాన్నకు కిర్రు చెప్పులంటే ప్రాణం. ఏళ్ల తరబడి తొడిగిన కొల్హాపురి జత ఈమధ్య పూర్తిగా అరిగిపోయింది. హిందూపురంలో మంచివి దొరక్క, ఆయన్ని వెంటబెట్టుకుని బెంగళూరు వెళ్లాను.

మెజెస్టిక్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. బస్టాండు నుంచి నడిచిపోవచ్చు, కింద టిఫిన్ కొట్టులో తెలుగులోనే పలకరించారు. కానీ ఏడింటికే వేడినీళ్లు బంద్, రాత్రంతా హారన్లు. పెద్దవాళ్లతో వెళ్తే రోడ్డు వైపు గది తీసుకోకండి. తిరగడానికి మాత్రం మెట్రో చాలా హాయి. నాన్న మోకాళ్లకు ఇబ్బందే లేదు.

మొదటి రోజు కమర్షియల్ స్ట్రీట్. ఒక కొట్టులో "ఒరిజినల్ కొల్హాపురి సార్" అంటూ ఆరు వందలకే ఇస్తామన్నారు. నాన్న కాలికి తొడగకుండా చెప్పు తిరగేసి వాసన చూశారు, అంచు గోటితో గీశారు. పొరల మధ్య జిగురు, పైన మెషిన్ కుట్టు. "ఇది రెగ్జిన్ రా" అని అక్కడే పెట్టేశారు. నాకు కోపం వచ్చింది. కష్టపడి చేసేవాళ్ల పేరు ఇలా వాడుకోవడం అన్యాయం.

మర్నాడు చిత్రకళా పరిషత్తులో చేతివృత్తుల సంత. అక్కడ బెళగావి జిల్లా అథణి నుంచి వచ్చిన ఒకాయన ఆరెతో రంధ్రాలు పొడుస్తూ కూర్చున్నారు. అరగంట అక్కడే నిలబడిపోయాం. అడుగుకు గేదె తోలు, పైన జడల అల్లికకు మేక తోలు. తుమ్మ బెరడు, కరక్కాయ వేసి ఊరబెడతారు. మేకులు ఉండవు, కుట్టేది కూడా సన్నటి తోలు పోగుతోనే. ఆ జడలు అల్లేది ఇంట్లో ఆడవాళ్లట. నాన్నకు వచ్చిన కన్నడంలో మాట కలిపితే, ఆయన చెప్పులు కుట్టే హరళయ్య, ఆయన భార్య కథ ఎత్తుకున్నారు. 12వ శతాబ్దంలో ఆ దంపతులు తమ తొడల చర్మంతో బసవణ్ణకు, అంటే మన బసవేశ్వరుడికి, చెప్పులు కుట్టారని చెబుతుంటే ఆయన గొంతు మారిపోయింది.

పేరు కొల్హాపూర్‌ది గానీ, 2019లో వచ్చిన జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు మహారాష్ట్రలో నాలుగు, కర్ణాటకలో నాలుగు జిల్లాలకు కలిపి ఉంది. 2025లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా వాళ్లు మిలాన్ షోలో ఇలాంటివే చూపించి, విమర్శలొచ్చాక గానీ ఇక్కడి పేరు చెప్పలేదు. అథణి ఊసు అప్పుడు కూడా పెద్దగా వినపడలేదు, నాకు అదే బాధ.

సంత ఎప్పుడూ ఉండదు, తేదీలు చూసుకుని వెళ్లండి. లేదంటే కర్ణాటక ప్రభుత్వ తోలు సంస్థ లిడ్కర్ దుకాణాలున్నాయి.

ఆ అథణి ఆయన దగ్గర సిద్ధంగా ఉన్నవాటిలో కిర్రు లేదు. అందుకని మా నాన్న పాదాన్ని కాగితం మీద పెట్టించి పెన్సిల్‌తో గీసుకున్నారు, సగం డబ్బు తీసుకున్నారు. తడపొద్దని, మొదటి వారం రోజుకో గంటే వేసుకోమని, అప్పుడప్పుడు నూనె రాయమని చెప్పారు.

మూడు వారాలకు పార్సిల్ వచ్చింది. నాన్న హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నారు, వంటింట్లోకి వినిపిస్తోంది.