సగం దాటాక ఆపేసిన ‘ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్’

భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ విశ్వం గురించి సామాన్య పాఠకుల కోసం రాసి 1988లో వెలువరించిన ‘ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్’ను ఎనిమిదో అధ్యాయంలో ఆపేశాను, పూర్తి చేయాలన్న ఉద్దేశం ఇక లేదు. అయినా ఈ పుస్తకం కొనవద్దని ఎవరికీ చెప్పను.

ఒక్కో సమీకరణం చేర్చిన కొద్దీ అమ్మకాలు సగానికి పడిపోతాయని ఎవరో హెచ్చరించారనీ, అందుకే ఐన్‌స్టీన్ సుప్రసిద్ధ సూత్రం E=mc² ఒక్కటి తప్ప మరేదీ వాడలేదనీ రచయితే చెప్పుకున్నారు. తొలి మూడు అధ్యాయాల్లో ఆ నియమం చక్కగా కుదిరింది. ఖగోళ శాస్త్రవేత్త హబుల్ 1929లో వెల్లడించిన, గెలాక్సీలు మన నుంచి దూరంగా సాగిపోయే పరుగు గానీ, విశ్వం తొలి దశ నుంచి మిగిలిన వికిరణాన్ని 1965లో కనుగొన్న పెంజియాస్, విల్సన్‌లు తమ రేడియో తరంగాల పరికరాన్ని ఎటు తిప్పినా రొద తగ్గకపోతే అందులోని పక్షి రెట్టలను సైతం అనుమానించిన వైనం గానీ చదువుతుంటే, ఫలితంతో పాటు అది ఎలా తెలిసిందో కూడా తెలుస్తుంది.

పదార్థపు మూల కణాల గురించిన ఐదో అధ్యాయానికి వచ్చేసరికి రచయితలో ఆ ఓపిక సన్నగిల్లింది. ఒక చుట్టు తిప్పితే మునుపటిలా కనిపించే కణాన్ని బాణంతో పోల్చి ఇట్టే అర్థం చేయించిన రచయిత, రెండు పూర్తి చుట్లు తిప్పితే తప్ప మునుపటిలా కనిపించని కణాలూ ఉన్నాయని చెప్పి, ఎందుకో వివరించకుండానే సాగిపోతారు. మన ఒంట్లోని ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు ఆ కోవకు చెందినవే కాబట్టి, అక్కడ మరో రెండు పేజీలు నిలబడి ఉండవలసింది.

కాంతి కూడా తప్పించుకోలేనంత గురుత్వాకర్షణ ఉండే కృష్ణబిలాల (బ్లాక్ హోల్స్) గురించిన ఆరు, ఏడు అధ్యాయాలు మాత్రం అద్భుతం. అవి ఆయన సొంత పరిశోధనలోంచి వచ్చినవి. 1970 నవంబరులో ఒక రాత్రి పడుకోబోతూ, వైకల్యం వల్ల ఆ పనికి చాలా సమయం పట్టడంతో, కృష్ణబిలాల గురించి ఆలోచిస్తూ ఒక కీలకమైన విషయం గ్రహించానని ఆయన రాసిన పేరాను మళ్లీ మళ్లీ చదివాను.

ఎనిమిదో అధ్యాయంలో వర్గం రుణాత్మకమయ్యే ఊహా సంఖ్యలను కొద్ది మాటల్లో పరిచయం చేసి, కాలాన్ని వాటితో కొలిస్తే స్థలానికీ కాలానికీ భేదమే ఉండదని తేల్చేస్తారు. సమీకరణాలు తీసేసినచోట వాటి పని చేసే వివరణ ఏదీ లేకపోవడంతో ఆ మాటను నమ్మగలిగానే తప్ప గ్రహించలేకపోయాను. గ్రహించకుండా ముందుకు చదవడం నాకు ఇష్టం లేదు.

కొనేవారు మొదటి మూడు అధ్యాయాల తరువాత నేరుగా ఆరు, ఏడు అధ్యాయాలకు వెళ్లవచ్చు. మధ్యలో అవసరమైన చోట నాలుగో అధ్యాయం తిరగేస్తే చాలు. మొదటి నుంచీ నింపాదిగా చదవాలనుకునేవారికి, లియొనార్డ్ మ్లోడినోతో కలిసి హాకింగ్ 2005లో తెచ్చిన ‘ఎ బ్రీఫర్ హిస్టరీ ఆఫ్ టైమ్’ మేలు.