డొమైన్ మీ పేరున లేకుండా సైట్‌ని మాస్టొడాన్‌కి కలిపించుకోకండి

సొంత వెబ్‌సైట్‌ని మాస్టొడాన్, బ్లూస్కై అనే సోషల్ నెట్‌వర్క్‌లతో కలిపిస్తామని ప్యాకేజీలు అమ్మేవాళ్లతో జాగ్రత్తగా ఉండండి. నేను రూ.9,500 కట్టాను. డబ్బు పోయినందుకు బాధ లేదు. రెండేళ్లుగా నన్ను చదువుతున్నవాళ్లు ఒక్కరోజులో దూరమయ్యారు, ఆ బాధ మాత్రం తగ్గడం లేదు.

నా కథల కోసం వర్డ్‌ప్రెస్‌లో చిన్న సైట్ పెట్టించుకున్నాను. డొమైన్, అంటే సైట్ చిరునామా పేరు, కొనడం దగ్గర్నుంచి అన్నీ తామే చూసుకుంటామని ప్యాకేజీవాళ్లు అన్నారు. చెప్పినవన్నీ చేశారు కూడా. మాస్టొడాన్ ప్రొఫైల్‌లో సైట్ నాదేనని చూపించే ఆకుపచ్చ టిక్ వచ్చింది, బ్లూస్కైలో నా డొమైనే హ్యాండిల్ (ఖాతా పేరు) అయింది, నేను రాసిన కథ నేరుగా ఫాలోవర్లకి చేరింది. ఏడాది తిరిగేసరికి 'వెరిఫికేషన్ రెన్యూవల్' అని రూ.3,000 అడిగారు. కట్టాను. రెండో ఏడాది ఎందుకు కట్టాలని అడిగితే ఫోన్ ఎత్తడం మానేశారు. వారం తర్వాత సైట్ ఆగిపోయింది.

ఆ రెన్యూవల్ అనేదే లేదు. మాస్టొడాన్ టిక్ కోసం మన పేజీలో ప్రొఫైల్‌కి 'రెల్ మీ' (rel="me") అనే గుర్తుతో ఒక లింక్ పెట్టి, ప్రొఫైల్‌లో సైట్ చిరునామా రాస్తే చాలు. బ్లూస్కైకి డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ సెట్టింగ్స్‌లో, టీఎక్స్‌టీ రికార్డు అనే ఒక చిన్న వరుస కలపాలి, ఏం రాయాలో యాప్ సెట్టింగ్స్‌లోనే చూపిస్తుంది. మాస్టొడాన్ లాంటి చోట్ల నుంచి సైట్‌ని నేరుగా ఫాలో చేసే వీలు కల్పించే యాక్టివిటీపబ్ అనే వర్డ్‌ప్రెస్ ప్లగిన్ కూడా ఉచితమే. మొత్తం కలిపి ఒక సాయంత్రం పని. తెలియనివాళ్లు పని చేయించుకుని కూలి ఇవ్వడంలో తప్పేమీ లేదు, వెరిఫికేషన్‌కి ఏటా కట్టమంటేనే మోసం.

అసలు దెబ్బ డొమైన్ దగ్గర తగిలింది. దాన్ని వాళ్ల పేరున, వాళ్ల ఈమెయిల్‌తో కొన్నారు. మొదట్లో ఒకసారి నా ఖాతాకి మార్చమంటే 60 రోజుల లాక్ ఉందన్నారు. కొత్త డొమైన్‌ని వేరే రిజిస్ట్రార్‌కి (డొమైన్లు అమ్మే సంస్థకి) మార్చడానికి ఆ లాక్ ఉన్నమాట నిజమే. 60 రోజులు అయ్యాక నేను మళ్లీ అడగలేదు. అక్కడే పొరపాటు చేశాను.

బ్లూస్కై ఖాతా దక్కింది. అక్కడ ఖాతాకి డిడ్ అనే విడి గుర్తింపు ఉంటుంది కాబట్టి హ్యాండిల్ చెల్లదని చూపించినా ఫాలోవర్లు పోలేదు, మామూలు హ్యాండిల్‌కి మారిపోయాను. ప్లగిన్ వైపు అలా కాదు. అక్కడ నా చిరునామాలోనే డొమైన్ ఉంది. 412 మంది ఫాలో అయింది ఆ చిరునామానే. కొత్త చోటికి వాళ్లని తరలించాలంటే పాత సైట్ నుంచే కబురు వెళ్లాలి. ఆ సైట్ ఇప్పుడు నా చేతిలో లేదు.

ఎవరైనా ఇలాంటి ప్యాకేజీ అమ్ముతుంటే, డబ్బు కట్టేముందే డొమైన్ మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో మీరే కొనండి. వాళ్లకి డీఎన్‌ఎస్ మార్చే అనుమతి మాత్రం ఇచ్చి, పనయ్యాక తీసేయండి. ఇప్పటికే చేయించుకున్నవాళ్లు ఈ రాత్రికే రిజిస్ట్రార్ సైట్‌లోకి మీ సొంత లాగిన్‌తో వెళ్లగలరో లేదో చూడండి. వెళ్లలేకపోతే వాళ్లతో సంబంధం బాగున్నప్పుడే డొమైన్‌ని మీ ఖాతాకి మార్చుకోవడానికి కావాల్సిన బదిలీ కోడ్ అడిగి తీసుకోండి.