వెల అడిగే మాయ: ‘వన్స్ అపాన్ ఎ టైమ్’ ధారావాహికపై సమీక్ష

అమెరికాలోని ఏబీసీ ఛానల్‌లో 2011 అక్టోబరు 23న మొదలై 2018 మే నెలలో ముగిసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్’ ధారావాహికను మొదటిసారి చూసినప్పుడు నాకు రెండు నెలలు పట్టింది. ఈ మధ్య మా చెల్లెలితో కలిసి మళ్లీ మొదటి నుంచీ చూస్తే ఆరు నెలలు దాటింది. రెండు మూడు ఎపిసోడ్లు చూడగానే ఆపి వాదనకు దిగేవాళ్లం. దుష్టరాణి రెజీనాను క్షమించవచ్చా, మాంత్రికుడు రంపుల్‌స్టిల్ట్‌స్కిన్‌ది ప్రేమేనా, ఓడదొంగ కెప్టెన్ హుక్‌ను బతికించిన తీరు న్యాయమేనా అన్నవే మా తగువులు. ఈ కథ అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నదీ వీటి గురించే. ఏడు సీజన్లు, 155 ఎపిసోడ్లు రెండోసారి పూర్తి చేశాక నాకు ఒకటి స్పష్టమైంది. ఎవరు మంచివాళ్లు, ఎవరికి ఎవరు తగిన జోడీ అన్న వాదనలన్నిటికీ అడుగున ఉన్న ప్రశ్న ఒక్కటే: ఈ కథ తనకు తాను పెట్టుకున్న నియమానికి కట్టుబడిందా లేదా? ఆ నియమాన్ని రంపుల్ నోట పదే పదే వింటాం. ఏ మాయ అయినా వెల అడుగుతుంది.

మలుపులు చెప్పకుండా ఈ చర్చ సాగదు కాబట్టి, ఇంకా చూడనివారు ఆ సంగతి గుర్తుంచుకుని ముందుకు చదవగలరు.

స్నో వైట్ మీద పగతో దుష్టరాణి రెజీనా వేసిన శాపం వల్ల, మాయా అరణ్యంలోని కథాపాత్రలందరూ మన కాలపు అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని స్టోరీబ్రూక్ అనే కల్పిత పట్టణంలో, తామెవరో మరచిపోయి బతుకుతుంటారు. స్నో వైట్ బడిలో టీచరు. ఆమె భర్త ప్రిన్స్ చార్మింగ్ ఆసుపత్రి మంచం మీద స్పృహ లేని రోగి. రంపుల్ తాకట్టు కొట్టు నడుపుతుంటాడు, రెజీనా ఆ ఊరి మేయరు. ఊరి గడియారం 8:15 దగ్గర ఆగిపోయి ఉంటుంది. స్నో వైట్ కూతురు ఎమ్మా స్వాన్‌కు 28 ఏళ్లు నిండిన రోజున, ఆమె ఒకప్పుడు కని దత్తతకు ఇచ్చేసిన హెన్రీ అనే పదేళ్ల కుర్రవాడు ఆమెను వెతుక్కుంటూ వచ్చి ఆ ఊరికి తీసుకువెళతాడు. ఆమె అక్కడ కొన్నాళ్లు ఉండాలని నిశ్చయించుకున్న రాత్రి గడియారం ముల్లు ఒక్క నిమిషం ముందుకు జరుగుతుంది. హెన్రీని దత్తత తీసుకుని పెంచిన తల్లి రెజీనాయే కావడం ఈ కథకు ఆయువుపట్టు.

‘లాస్ట్’ ధారావాహిక రచయితల బృందంలో పనిచేసిన ఎడ్వర్డ్ కిట్సిస్, ఆడమ్ హొరోవిట్జ్ దీని సృష్టికర్తలు. ప్రతి ఎపిసోడ్‌లోనూ స్టోరీబ్రూక్ కథ, మాయా అరణ్యపు పాత కథ జడ అల్లినట్టు పక్కపక్కనే నడుస్తాయి. పాత కథ కేవలం వివరణగా మిగిలిపోకుండా ఇప్పటి సన్నివేశానికి బరువు ఇస్తేనే ఈ పద్ధతి పండుతుంది. మొదటి సీజన్‌లోని 22 ఎపిసోడ్లలో చాలావరకు అది పండింది.

మాయకు వెల అన్న నియమాన్ని ఆ సీజన్ ఎంత నిక్కచ్చిగా పాటించిందో చూడండి. శాపం వేయాలంటే రెజీనా తాను అన్నిటికన్నా ఎక్కువగా ప్రేమించేదాని గుండెను బలి ఇవ్వాలి. ఆమె మొదట తన గుర్రంతో సరిపెట్టాలని చూస్తుంది, శాపం పారదు. చివరికి తనను కౌగిలించుకుని ఓదార్చబోయిన కన్నతండ్రి గుండెనే ఆమె పెకలిస్తుంది. మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు తన ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల చిలుకలో దాచుకుంటాడు. అక్కడ ప్రాణం ఒంటికి దూరంగా ఉండటం మాంత్రికుడికి రక్ష. ఇక్కడ అది తిరగబడింది. గుండెను బయటకు తీసి పెట్టెలో పెట్టడం ఎదుటి మనిషిని బానిసను చేసే మార్గం. గుండె ఎవరి చేతిలో ఉంటే మనిషి వాళ్ల చెప్పుచేతల్లో ఉంటాడు. ప్రేమలో అధికారం ఎంత, స్వేచ్ఛ ఎంత అన్న ప్రశ్నను చూపడానికి ఇంతకన్నా మంచి బొమ్మ దొరకదని నా నమ్మకం.

ఏడవ ఎపిసోడ్‌లో ఆ బొమ్మ నిజంగా గుచ్చుకుంటుంది. జేమీ డోర్నన్ నటించిన వేటగాడు గ్రాహమ్, స్టోరీబ్రూక్‌లో పోలీసు అధికారి. అతని గుండె ఏళ్లుగా రెజీనా దగ్గర బందీగా ఉంది. ఎమ్మాకు దగ్గరైన క్షణంలో అతనికి పాతదంతా గుర్తుకు వస్తుంది, ముఖం వెలుగుతుంది, ఆమెకు కృతజ్ఞతలు చెబుతాడు. సరిగ్గా అప్పుడే మరోచోట, నేలమాళిగలో, ఎర్రగా మిణుకుమంటున్న గుండెను రెజీనా పిడికిట బిగిస్తుంది. వేళ్ల సందుల్లోంచి బూడిద జారుతుంది. ఇక్కడ గ్రాహమ్ ఎమ్మా చేతుల్లోనే కూలిపోతాడు. రెండోసారి చూస్తూ కూడా నేను ఆ దృశ్యం దగ్గర కాసేపు ఆపేయవలసి వచ్చింది.

రెజీనా గురించిన వాదనకు అసలు మొదలు అక్కడే ఉంది. లానా పరియా ఈ పాత్రను నిలబెట్టిన తీరు ఈ ధారావాహిక మొత్తానికీ గొప్ప ఆస్తి. పెదవి చివర వణుకును ఆపుకుంటూ తల పైకెత్తే ఆ ఒక్క కదలికలో ఆమె రాణినీ, దెబ్బతిన్న పిల్లనూ కలిపి చూపగలదు. రెజీనా పగకు మూలం డేనియల్ అనే గుర్రాలశాల కుర్రవాడు. అతని మీద తన ప్రేమను ఆమె చిన్నపిల్ల స్నోకు రహస్యంగా చెబితే, స్నో అమాయకంగా రెజీనా తల్లి కోరాకు ఆ మాట చేరవేస్తుంది. కోరా డేనియల్ గుండెను నలిపి చంపుతుంది. తల్లి చేసిన హత్యకు ఒక చిన్నపిల్ల మీద జీవితాంతం పగ పట్టడంలో ఉన్న అన్యాయాన్ని కథ దాచదు, ఆ పగ వెనుక ఉన్న దుఃఖాన్ని తక్కువ చేసీ చూపదు. విలన్‌కు గతం ఇవ్వడం ఎవరైనా చేసే పనే. గతం చెప్పినంత మాత్రాన తప్పు మాఫీ కాదని కూడా చెప్పగలగడం అరుదు, మొదటి మూడు సీజన్లు ఆ పని చేశాయి.

ఆమె మార్పును నేను నమ్మాను. హెన్రీని దగ్గర ఉంచుకోవడానికి మాయ వాడటం మొదలుపెట్టి, అతని కోసమే మాయను మానుకోవడానికి తంటాలు పడి, మూడవ సీజన్ నడుమ అతన్ని వదులుకోవడానికి సిద్ధపడే వరకూ, ఆమె ప్రతి మెట్టునూ ఏదో ఒకటి పోగొట్టుకునే ఎక్కింది. అయినా గ్రాహమ్ బాకీ తీరలేదని వాదించే అభిమానులతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అతన్ని చంపడం ఒక్కటే ఆమె నేరం కాదు. గుండెను గుప్పిట్లో పెట్టుకుని అతన్ని తన పడకగదికి రప్పించుకున్నది కూడా ఆమే. కాదనే స్వేచ్ఛ లేని మనిషి పట్ల చేసిన ఆ పనిని ఆ పేరుతో పిలవడానికి ధారావాహిక చివరి వరకూ ముందుకు రాలేదు. చివరి ఎపిసోడ్‌లో అన్ని రాజ్యాలవాళ్లూ కలిసి ఆమెకు మంచిరాణిగా కిరీటం పెట్టినప్పుడు నాకు కన్నీళ్లు వచ్చిన మాట నిజం. ఆ సభలో గ్రాహమ్ పేరు ఎవరైనా ఒక్కసారి తలచుకుని ఉంటే బాగుండునని అనిపించిన మాటా అంతే నిజం. ఐదవ సీజన్ ముగింపులో ఆమెలోని దుష్టరాణిని మందుతో విడదీసి వేరే మనిషిగా నిలబెట్టడం మొదట నాకు తప్పించుకోవడంలాగే తోచింది. తర్వాత ఆరవ సీజన్‌లో ఇద్దరూ తమ గుండెల్లోని వెలుగునూ చీకటినీ పంచుకుని కలబోసుకునే సన్నివేశం రావడంతో ఆ అసంతృప్తి చాలావరకు తగ్గింది.

మా ఇంట్లో ఎక్కువ తగువు రేపింది రంపుల్, బెల్‌ల ప్రేమ. అభిమానులు ఈ జంటను ‘రంబెల్’ అంటారు. మొదటి సీజన్ 12వ ఎపిసోడ్‌లో, రంపుల్ కోటకు పనిమనిషిగా వచ్చిన బెల్, అతను వేసిన ఒక క్రూరమైన పరాచికానికి ఉలిక్కిపడి కప్పు జారవిడుస్తుంది. వంగి తీసి చూసుకుని, అంచు విరిగిందని బెరుకుగా చెబుతుంది. అది కప్పే కదా అని అతను తేల్చేస్తాడు. ఆమె చనిపోయిందన్న కబురు విన్నాక అదే కప్పును పీఠం మీద పెట్టి ఏడుస్తాడు. స్టోరీబ్రూక్‌లో ఆ కప్పు పోతే, దొంగిలించిన మనిషిని చేతికర్రతో చావబాదుతాడు. కటకటాల వెనుక ఉన్న అతని ముందు రెజీనా ఆ కప్పును పట్టుకుని, నీ అసలు పేరేమిటని అడుగుతుంది. కప్పు కోసం అతను తన పేరు చెప్పేస్తాడు. అన్నీ గుర్తున్నాయన్న రహస్యాన్ని ఇన్నాళ్లు దాచిన మనిషి, అంచు విరిగిన పింగాణీ ముక్క కోసం దాన్ని వదులుకుంటాడు. రాబర్ట్ కార్లైల్ నటనకు ఆ రెండు నిమిషాలు చాలు.

ఇంత ప్రేమ చూశాక అతను బెల్‌ను మోసం చేయడం మరింత బాధిస్తుంది. తనను శాసించగల బాకును ఆమె చేతిలో పెట్టి, నీ మీద నమ్మకానికి ఇదే గుర్తు అని పెళ్లి ప్రస్తావన తెస్తాడు. ఆ బాకు నకిలీది. నాలుగవ సీజన్ మధ్యలో నిజం తెలిసిన బెల్ అతన్ని ఊరి సరిహద్దు దాటించి పంపేస్తుంది. ఆ సన్నివేశంతో ఆ జంట కథ ముగిసి ఉండాల్సిందని మా చెల్లెలి వాదన, అబద్ధం మీద నిలిచిన పెళ్లిని ప్రేమకథ అని ఎలా అంటారని ఆమె ప్రశ్న. నా అభిప్రాయం కొంచెం వేరు. అతని ప్రేమ నిజమైనదే. మాయ వెల అడిగిన ప్రతిసారీ ఆ వెలను బెల్‌ చేత కట్టించడమే అతని దోషం. కొడుకు బేల్‌ఫైర్ విషయంలోనూ జరిగింది ఇదే. తన శక్తిని వదులుకోలేక కొడుకు చేయి వదిలేసిన తండ్రి, ఆ కొడుకును చేరుకోవడానికి ఒక లోకాన్నే శపించే పథకం వేశాడు. రచయితలకు ఈ సంగతి తెలుసు. కానీ ఐదవ, ఆరవ సీజన్లలో అదే మోసం, అదే పశ్చాత్తాపం, అదే క్షమాపణ మళ్లీ మళ్లీ తిప్పడంతో బెల్‌కు తనదంటూ ఒక జీవితం లేకుండా పోయింది. ఎమిలీ డి రావిన్ వంటి మంచి నటికి ఆ రచన అన్యాయం చేసింది.

నిజమైన ప్రేమ ముద్దు ఏ శాపాన్నైనా తొలగిస్తుందన్నది ఈ లోకపు మరో నియమం. మొదటి సీజన్ ముగింపులో, ఎమ్మా కోసం రెజీనా చేసిన విషపు ఆపిల్ వంటకాన్ని హెన్రీ తిని పడిపోతే, ఎమ్మా అతని నుదుటి మీద పెట్టిన ముద్దు ఊరంతటి శాపాన్నీ విరుస్తుంది. రాజకుమారుడి కోసం ఎదురుచూసిన ప్రేక్షకులకు తల్లీబిడ్డల ప్రేమను చూపించడం ఈ ధారావాహిక తీసుకున్న అన్నిటికన్నా తెలివైన నిర్ణయం. మూడవ సీజన్ చివరి భాగంలో ఇలాంటి శాపమే రెజీనా ముద్దుతో విరిగినప్పుడు, కన్నతల్లి, పెంచిన తల్లి అన్న తేడా చెరిగిపోతుంది.

బాధ ఏమిటంటే, వెలకు తగ్గింపు మొదలైందీ అదే ఎపిసోడ్‌లో. శాపం మళ్లీ వేయడానికి స్నో తన భర్త గుండెనే బలి ఇస్తుంది. ఆ వెంటనే ఆమె గుండెను రెజీనా రెండుగా విడదీసి ఒక సగం అతనికి పెట్టడంతో అతను లేచి కూర్చుంటాడు. దృశ్యం అందంగా ఉంది, నియమం మాత్రం బీటలు వారింది. దీనికి కొంచెం ముందే, తండ్రిని బతికించిన వెలగా నీల్ ప్రాణం పోతుంది. నీల్ అంటే పెద్దవాడైన బేల్‌ఫైరే, హెన్రీ కన్నతండ్రి. ఒకరికి కచ్చితంగా వసూలైన వెల మరొకరికి ఎందుకు మాఫీ అయిందన్న అభిమానుల ప్రశ్నకు కథలో జవాబు లేదు.

ఐదవ సీజన్‌లో ఈ పక్షపాతం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చనిపోయిన హుక్ కోసం ఎమ్మా పాతాళానికి దిగుతుంది. అదే సీజన్ చివర్లో పాతాళ దేవుడు హేడిస్ ఆయుధం దెబ్బకు రెజీనా ప్రేమించిన రాబిన్ హుడ్ ఆత్మతో సహా నశిస్తాడు. రెజీనా అతన్ని సమాధి చేసి కన్నీళ్లు తుడుచుకోకముందే, ఆ ఎపిసోడ్‌లోనే, హుక్ ప్రాణాలతో ఎమ్మా ముందుకు వస్తాడు. హుక్‌గా కాలిన్ ఓడొనహ్యూ నాకు చాలా ఇష్టం, ఎమ్మాతో అతని జోడీని కోరుకున్నవారిలో నేనూ ఉన్నాను. అయినా ఒక స్త్రీ వియోగం పక్కనే మరొకరి పునర్మిలనాన్ని పండుగలా నిలబెట్టడం నాకు మింగుడుపడలేదు. ఎమ్మా, రెజీనాలే జంట కావాలని ఆశించిన ‘స్వాన్ క్వీన్’ అభిమానులకు, ఎమ్మా, హుక్‌ల జోడీని కోరిన ‘కెప్టెన్ స్వాన్’ అభిమానులకు మధ్య పెరిగిన కాఠిన్యంలో ఇటువంటి రచన పాలు కూడా ఉందనుకుంటాను.

మిగిలిన లోపాలను త్వరగా చెప్పేస్తాను. మతిమరుపు శాపాలు మరీ ఎక్కువ. కోటల వెనుక కంప్యూటర్ దృశ్యాలు చాలాచోట్ల అతుకులుగా కనిపిస్తాయి. ‘ఫ్రోజెన్’ సినిమాలోని ఎల్సా, ఆనాలతో నడిచిన నాలుగవ సీజన్ మొదటి సగం ముచ్చటగా ఉన్నా కథను ముందుకు తీసుకువెళ్లదు. దుస్తుల రూపకర్త ఎడ్వర్డో కాస్ట్రో పనితనం, మార్క్ ఐషమ్ సంగీతం మాత్రం చివరి వరకూ స్థాయి తగ్గలేదు.

కొత్తగా చూడబోయేవారు మొదటి సీజన్‌ను ఒక్క ఎపిసోడ్ వదలకుండా చూడాలి. రెండవదానిలో హుక్, కోరాల భాగం, మూడవదానిలో నెవర్‌ల్యాండ్ భాగం తప్పనిసరి. చిన్నపిల్లవాడి ముఖంతో రాబీ కే పలికించిన పీటర్ పాన్ క్రూరత్వం, అతను రంపుల్ కన్నతండ్రి అని తెలిసిన క్షణం మరచిపోయేవి కావు. నాలుగు నుంచి ఆరు వరకు పాత్రల మీద మమకారం ఉంటేనే సాగండి. సియాటిల్‌కు మారిన ఏడవ సీజన్‌లో ఎమ్మా, స్నోలు దాదాపు లేకపోవడంతో చాలామంది ఆపేశారు, నేనూ మొదటిసారి మధ్యలో వదిలేద్దామనుకున్నాను. ముగింపు కోసమైనా దాన్ని చూడమంటాను. ఎందరి గుండెలనో నలిపిన రంపుల్, మరో లోకపు హుక్ ప్రాణం నిలపడానికి తన గుండెను తానే పెకలించి ఇస్తాడు. ఎవరూ అడగకుండా, ఎవరి నెత్తినా వేయకుండా, ఆ వెల అతనే కడతాడు. ఆ తర్వాతే బెల్ ఉన్న చోటికి చేరతాడు.

మా చెల్లెలు దీనికీ ఒప్పుకోలేదు. ఒక్కసారి కట్టిన వెలతో బెల్ పోగొట్టుకున్న ఏళ్లు తిరిగి రావంటుంది. మొదటి సీజన్ మళ్లీ పెడదామని, 12వ ఎపిసోడ్ దగ్గర ఆపి ఈ సంగతి తేల్చుకుందామని నిన్ననే అడిగింది.