ఓపెన్‌రిఫైన్: అరుదైన జబ్బుల కోడ్లు వందల్లో వెతకాల్సి వస్తే

చిత్తూరు, పలమనేరు వైపు నుంచి తిరుపతికి చూపించుకోవడానికి వచ్చేవాళ్ల చేతిలో వెల్లూరు, బెంగళూరు, చెన్నై కాగితాలన్నీ ఉంటాయి. ఒకదాంట్లో ‘గౌచర్ డిసీజ్, టైప్ 1’ అని ఉంటే ఇంకోదాంట్లో ‘టైప్ 1 గౌచర్ డిసీజ్’ అని, మరోదాంట్లో ‘గౌచర్స్’ అని మాత్రమే ఉంటుంది. రుయాలోనో స్విమ్స్‌లోనో థీసిస్ రాసే పీజీలకైనా, రిజిస్టరు కట్టే డేటా ఎంట్రీ వాళ్లకైనా ఈ పేర్లన్నిటికీ ఆర్ఫా కోడు (అరుదైన జబ్బుల జాబితా ఆర్ఫానెట్ ఒక్కో జబ్బుకు ఇచ్చే నంబరు), ఓమిమ్ నంబరు (జన్యువుల, జన్యు జబ్బుల జాబితాలోది) కావాలి. ఒక్కో పేరూ వెబ్‌సైట్లో కొట్టి చూస్తూ పోతే మూడొందల పేర్లకు రోజులు పడతాయి.

ఈ పనికి, పట్టికల్లోని డేటాను శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌రిఫైన్ బాగా సరిపోతుంది. డబ్బు కట్టక్కర్లేదు. 2010లో ఫ్రీబేస్ గ్రిడ్‌వర్క్స్‌గా మొదలై, గూగుల్ రిఫైన్‌గా మారి, 2012 నుంచి ఓపెన్‌రిఫైన్‌గా నడుస్తోంది. తెరుచుకునేది బ్రౌజర్లోనే అయినా ఫైలు మన కంప్యూటర్లోనే ఉంటుంది. విండోస్‌కు జావా కలిపిన ప్యాకేజీ తీసుకుంటే విడిగా జావా ఎక్కించే బాధ ఉండదు. అయితే టైపులున్న జబ్బుల దగ్గర దీన్ని కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఎందుకో కింద చెబుతున్నాం.

ముందు పేర్లు శుభ్రం చేయాలి. ‘కామన్ ట్రాన్స్‌ఫామ్స్’లో అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేసి, ‘క్లస్టర్ అండ్ ఎడిట్’ తెరవండి. ‘కీ కొలిజన్’లోని ‘ఫింగర్‌ప్రింట్’ పద్ధతి కామాలు, పెద్ద చిన్న అక్షరాల తేడాలు తీసేసి మాటల్ని వరసలో పెట్టి పోలుస్తుంది. అందుకే పైన చెప్పిన మొదటి రెండు పేర్లూ ఒకే గుంపులో పడతాయి. ‘గౌచర్స్’ పడదు, చివరి ‘స్’ వల్ల అది వేరే మాట అయిపోతుంది, మిగతా మాటలూ అందులో లేవు. దాన్ని చేత్తో మార్చాల్సిందే, అదీ కాగితంలో టైపు చూసుకున్నాకే.

అసలు ప్రమాదం ‘నియరెస్ట్ నైబర్’లో ఉంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా ‘ఇవి రెండూ ఒకటే, కలపనా’ అని అడుగుతుంది. ‘టైప్ 1’కీ ‘టైప్ 2’కీ తేడా ఒక్క అంకే. అన్నీ టిక్ పెట్టి కలిపేస్తే రెండు వేర్వేరు జబ్బులు ఒకటైపోతాయి. ఇది పట్టికలో చిన్న పొరపాటుగా పోయేది కాదు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో మూడో గ్రూపు (చికిత్స ఉన్నా ఖర్చు చాలా ఎక్కువయ్యే జబ్బులు) కింద గౌచర్ టైప్ 1, నరాల దెబ్బ పెద్దగా లేని టైప్ 3 ఉన్నాయి, టైప్ 2 లేదు. ఒక పిల్లవాడు ఏ వరసలో పడ్డాడన్నది ఆ ఒక్క అంకె మీదే ఉంటుంది. తిరుపతి రిజిస్టర్ల పనికి ఈ పద్ధతి అసలు వాడొద్దనే మా మాట.

తర్వాత ‘రికన్‌సైల్’. అంటే మన పేర్లను బయటి జాబితాలోని పేర్లతో జత చేయడం. వికీడేటా (అందరూ కలిసి నింపే ఉచిత సమాచార భండారం) సేవ ముందే చేర్చి ఉంటుంది. రకం దగ్గర ‘రేర్ డిసీజ్’ ఎంచుకుంటే, అక్కడ ఆ ముద్ర పడని జబ్బులు తప్పిపోతాయి. ఏ రకమూ ఎంచకుండా వదిలేయడం మేలు. ‘ఆటో-మ్యాచ్’ టిక్ తీసేయండి. డుషెన్ అనే కండరాల జబ్బును కాగితాల్లో పొట్టిగా డీఎండీ అంటారు, దాని జన్యువు పేరూ డీఎండీయే. ఓమిమ్‌లో జబ్బు 310200, జన్యువు 300377. పొట్టి పేరుతో వెతికితే జన్యువు వచ్చి కూర్చుంటుంది. కాబట్టి పొట్టి పేర్లన్నీ ముందే విప్పి రాయాలి. ‘తలసీమియా’ అని తెలుగు లిపిలో రాసుకున్నవి కూడా ఇంగ్లిషులోకి మార్చాలి.

జతలు ఖాయం చేశాక ‘యాడ్ కాలమ్స్ ఫ్రమ్ రికన్‌సైల్డ్ వాల్యూస్’లో ఆర్ఫానెట్‌కు పి1550, ఓమిమ్‌కు పి492, మోండో అనే మరో జబ్బుల జాబితాకు పి5270 ఎంచుకోండి (ఇవి వికీడేటాలో ఆయా కోడ్ల గుర్తులు). ఒక జబ్బుకు రెండు మూడు ఓమిమ్ నంబర్లుంటే కింద అదనపు వరసలు పుట్టుకొస్తాయి. 300 వరసలు 340 అయ్యాయని కంగారు పడొద్దు. ‘జాయిన్ మల్టీ-వాల్యూడ్ సెల్స్’తో సెమికోలన్ పెట్టి కలిపేస్తే సరి.

వికీడేటా ఇచ్చిన కోడ్లను ఆర్ఫానెట్ వాళ్లే ఇచ్చే ఆర్ఫాడేటా ఫైలుతో సరిచూడకుండా వదలొద్దు. అందులో ఆర్ఫా కోడుకూ ఇతర జాబితాల కోడుకూ ఉన్న ప్రతి జతకూ సంబంధం రాసి ఉంటుంది: ‘ఈ’ అంటే అచ్చంగా అదే, ‘ఎన్‌టీబీటీ’ అంటే చిన్నదాన్ని పెద్ద గుంపు కింద పెట్టారని. గౌచర్, ఫాబ్రీ, క్రాబే మూడింటికీ ఐసీడీ-10 (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల కోడ్ల పట్టిక)లో ఈ75.2 ఒక్కటే. ఐసీడీ నుంచి వెనక్కి ఆర్ఫా కోడు పట్టాలని చూస్తే తప్పు తప్పదు. గౌచర్‌కు ఆర్ఫా 355, అందులో టైప్ 1కి విడిగా 77259 ఉంది. టైపు తెలిసి కూడా 355 వేశారంటే సగం సమాచారం పారేసినట్టే.

రికన్‌సైల్ చేసేటప్పుడు ఆ కాలమ్‌లోని పేర్లు ఇంటర్నెట్ మీదుగా బయటి సేవకు వెళ్తాయి. పక్కన ఇతర కాలమ్‌లకు టిక్ పెడితే అవీ వెళ్తాయి. రోగి పేరు, ఊరు, ఫోను ఉన్న షీటును ఎక్కించనే వద్దు. జబ్బు పేర్లు మాత్రం వేరే ఫైలుగా తీసి, కోడ్లు వచ్చాక మళ్లీ జోడించుకోవాలి.

పూర్తయ్యాక ‘అన్‌డూ/రీడూ’లో ‘ఎక్స్‌ట్రాక్ట్’ నొక్కి చేసిన మెట్లన్నీ దాచుకోండి. వచ్చే నెల షీటు మీద శుభ్రం చేసే మెట్లు మళ్లీ నడపొచ్చు. ఫైలును సీఎస్‌వీగా కాక ఎక్సెల్‌గానే దించండి. సీఎస్‌వీని ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగు అక్షరాలు చెదిరిపోతాయి, ముందు ‘మోండో’ అన్న అక్షరాలు లేకుండా అంకెలే ఉన్న మోండో నంబర్ల మొదటి సున్నాలూ ఎగిరిపోతాయి.