తింటే చెంపకు చెమట: నల్గొండలో నేను చేయించుకున్న పరీక్ష, వేయించుకున్న ఇంజెక్షన్లు

నల్గొండ రామగిరిలో నాకు కర్రీ పాయింట్ ఉంది. పొద్దున పదింటికల్లా పప్పు, పచ్చిపులుసు, రెండు కూరలు, ఒక వేపుడు దించాలి. ఉప్పూ పులుపూ చూడకుండా ఏదీ దించను. పోయినేడు చలికాలం నుంచి ఆ రుచి చూడటమే నాకు గండమైంది. పచ్చిపులుసు చుక్క నాలుక మీద పడగానే ఎడమ చెవి ముందు వెచ్చబడేది, చర్మం ఎర్రగా అయ్యేది, ఆ వెంటనే చెమట ధారకట్టి దవడ మీదుగా మెడలోకి కారేది. కుడి చెంప మాత్రం పొడిగానే ఉండేది.

"ఏందక్కా, పానం మంచిగ లేదా?" అని గిరాకీలు అడిగేవారు. ఒకామె కూర పొట్లం తీసుకోకుండానే వెళ్లిపోయింది. వండే మనిషి మొహం మీద చెమట కారుతుంటే ఎవరికైనా మనసొప్పదు, ఆమెను తప్పు పట్టను. కానీ ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

బీపీ చూపించుకున్నా, థైరాయిడ్ చూపించుకున్నా. పొయ్యి వేడికి అన్నారు, వయసు అన్నారు, కారం తగ్గించమన్నారు. తగ్గించినా ఆగలేదు. కారానికి ముక్కూ నుదురూ చెమర్చడం అందరికీ ఉండేదే. నాది అది కాదని నాకు తెలుస్తూనే ఉంది, ఎందుకంటే ఉత్త నిమ్మకాయ ముక్కకూ వచ్చేది.

చివరికి మా ఆడబిడ్డ టౌన్‌లోనే ఒక స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె ముందు చూసింది నా చెవి కింద మచ్చ. రెండేళ్ల కిందట అక్కడ గడ్డ తీశారు. క్యాన్సర్ కాదు, లాలాజలం ఊరే పరోటిడ్ గ్రంథిలో కణితి. ఆపరేషన్ బాగానే చేశారు, మూతి వంకర పోలేదు, కుట్లు మానాయి. అయితే తర్వాత ఇలా చెమట రావచ్చని ఆ ఆసుపత్రిలో ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఏడాదిపాటు అంత టెన్షన్ పడేదాన్ని కాదు.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. లాలాజలం ఊరించే నరం పోగులు ఆపరేషన్‌లో తెగుతాయి. తర్వాత మళ్లీ మొలిచేటప్పుడు దారి తప్పి చర్మంలోని చెమట గ్రంథులను పట్టుకుంటాయి. మన మడికి రావాల్సిన నీళ్లు పక్క మడికి పారినట్టు, నోట్లో ఊరాల్సింది చెంప మీద ఊరుతుంది. ఆ మొలక నిదానం కాబట్టే చెమట నెలల తర్వాత గానీ మొదలుకాదు. దీన్ని ఫ్రే సిండ్రోమ్ అంటారు. దవడ దగ్గర తూటా గాయమైన రోగిని చూసి 1923లో దీన్ని వివరంగా రాసిన పోలండ్ డాక్టరు లూత్సియా ఫ్రే పేరు అది. యుద్ధకాలంలో నాజీల చేతుల్లో ఆమె ప్రాణం పోయిందట. ఆ సంగతి విన్నాక ఆ పేరు నాకు మనసులో నిలిచిపోయింది.

ఇక పరీక్ష. అయోడిన్ పడుతుందా అని ముందే అడిగి, చెవి నుంచి దవడ దాకా గోధుమరంగు మందు పూసింది. ఫ్యాను కింద ఆరాక మొక్కజొన్న పిండి చల్లింది. చెమట తగిలిన చోట ఆ రెండూ కలిసి నల్లబడతాయట. మంచూరియాలో చిక్కదనానికి నేను కలిపే తెల్ల పిండి లాంటిదే. నిమ్మ చెక్క నోట్లో పెట్టుకోమని అద్దం చేతికిచ్చింది. రెండు నిమిషాల్లో చెవి తమ్మె ముందు సిరా చుక్కలా ఒక నల్లమచ్చ లేచింది. దాని పక్కన ఇంకోటి, ఇంకోటి. అన్నీ కలిసి మూడు వేళ్ల వెడల్పున నల్లగా పరుచుకున్నాయి. చెంపంతా చెమటే అనుకునేదాన్ని, ఊరే చోటు అంత చిన్నదని అప్పుడే చూశా. నా కళ్లలో నీళ్లొచ్చాయి. నా మాట నిజమని మొదటిసారి కంటికి కనబడింది.

ముందు ఇంజెక్షన్ రాయలేదు. చెమట తగ్గించే అల్యూమినియం క్లోరైడ్ రోల్-ఆన్ రాసింది. రాత్రి పొడి చర్మం మీద రాసి పొద్దున కడిగేయాలి. మొదటి రాత్రి మొహం కడుక్కున్న తడి మీదే రాశాను, తెల్లారేదాకా మంట. ఆరాక రాస్తే ఓర్చుకోగలిగాను. సగం తగ్గింది. ఇంట్లో ఉండేవాళ్లకు అది సరిపోవచ్చు, పొయ్యి ముందు నిలబడే నాకు చాలలేదు. గ్లైకోపైరోలేట్ అనే పూతమందు కూడా ఉందట గానీ నోరు ఎండుతుందంటే నేనే వద్దన్నాను.

రెండు నెలల తర్వాత బొటాక్స్, అంటే నరం నుంచి చెమట గ్రంథికి కబురు అందకుండా ఆపే ఇంజెక్షన్. మళ్లీ పిండి పరీక్ష చేసి, నల్లబడిన చోట పెన్నుతో సెంటీమీటరుకొకటి చొప్పున 15 చుక్కలు పెట్టి, సన్న సూదితో చర్మంలోకే ఎక్కించింది. మందు లోపలికి పాకితే కొన్ని వారాలు నవ్వు ఒకవైపు లాగొచ్చని ముందే చెప్పి సంతకం తీసుకుంది. నాకలా కాలేదు. ఆ సాయంత్రం కొంచెం వాపు, అంతే. వారం తిరక్కుండానే చెమట ఆగింది. ఖర్చు యూనిట్ల లెక్కన ఉంటుంది, నాకు 9,000 పైన అయింది. ఎన్ని యూనిట్లో, యూనిట్ ఎంతో ముందే అడగండి. ఇది శాశ్వతం కాదు, నెలల తర్వాత మళ్లీ వేయించుకోవాలి. ఆ ఖర్చే నాకు బాధ.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. సూర్యాపేటలో మా మేనమామకు తింటుంటే రెండు చెంపలూ, తలా, మెడా తడిసిపోతాయి. ఎన్నో ఏళ్ల షుగర్‌కు నరాలు దెబ్బతింటే అలా వస్తుందట. ఆయనకు డాక్టరమ్మ కిడ్నీ పరీక్షలు కూడా రాసింది. దాన్ని మిరపకాయ మీద తోసేసి కూర్చోకండి. తిండితో పని లేకుండా, ఛాతీ బరువుతో చెమట పడితే మాత్రం స్కిన్ క్లినిక్ కాదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

క్లినిక్‌లో కూర్చోబెట్టే సేపు ఎక్కువే, సాయంత్రం వెళ్తే దుకాణం మూసుకోవాల్సిందే. అయినా ఎవరడిగినా అక్కడికే పంపుతున్నాను. ఇంజెక్షన్లు వేయించుకుని ఇప్పుడు ఏడో నెల. నిన్న చింతచిగురు పప్పు రుచి చూస్తే చెవి తమ్మె ముందు ఒక్క చుక్క తడి తగిలింది. దసరా అయ్యాక రమ్మంది డాక్టరమ్మ.